లోపలి గడియారము, వెలుపలి వెలుగు

ప్రొద్దు గ్రుంకగానే చింతచెట్టు ఆకులు ముడుచుకొనుట మనమందరము ఎరిగినదే. వెలుగు తగ్గుటయే దీనికి కారణమని తలచుట సహజము. కాని 1729లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ద మెరాన్ అత్తిపత్తి వంటి మొక్క నొకదానిని చీకటిలో ఉంచి చూడగా, సూర్యుని చూడకయే అది పగటివేళకు ఆకులు విప్పి, రాత్రివేళకు ముడిచినది. కాలజ్ఞానము కొంత మొక్కలోనే ఉన్నదని దీనివలన తేలినది.

మనిషిలో ఈ గడియారము మెదడు అడుగుభాగమున, రెండు కంటినరములు కలియు చోటికి కొంచెము పైన ఉన్నది. దాని దినము సగటున 24 గంటలకు కొద్ది నిమిషములు ఎక్కువ. అనుదినము కంటబడు ఉదయకాంతి దానిని సరిదిద్దుచుండును. చీకటి పడిన పిదప మెలటోనిన్ అను హార్మోను పెరుగును. రాత్రివేళ తీవ్రమైన వెలుతురు దానిని అణచివేయును. ఈ గడియారమును నడుపు జన్యువుల మర్మమును పండ్ల ఈగలలో విప్పి చూపినందులకు హాల్, రాస్‌బాష్, యంగ్ అను ముగ్గురు అమెరికన్ శాస్త్రజ్ఞులు 2017లో నోబెల్ బహుమతిని పొందిరి.

ఇది పాఠ్యపుస్తకముతో ముగిసిపోవు విషయము కాదని మా అభిప్రాయము. ఉదయపు మొదటి గంటలో కునుకు తీయు విద్యార్థిని సోమరి యనుట మనకు పరిపాటి. యౌవనారంభమున ఈ గడియారము కొంత ఆలస్యముగా నడుచునని శాస్త్రము చెప్పుచున్నది. దానికి తోడు, ఒకే గదిలో పదిమంది నివసించు ఇండ్లలో నిశ్శబ్దము దొరకునది అందరును నిద్రించిన తరువాతనే. కొందరు రాత్రి దుకాణములలో పనిచేసి, ఆ సంపాదనతోనే ఫీజు కట్టుచున్నారు. లోపలి గడియారము ఒకవైపును, బ్రతుకుతెరువు మరియొకవైపును లాగుచుండగా, నిందమాత్రము విద్యార్థి స్వభావముపై పడుచున్నది.

సంకల్పబల ముండిన నిద్రను జయింపవచ్చునని పెద్దలు అనవచ్చును. ఒకటి రెండు రాత్రులు జయింపవచ్చును. కాని చదివినది మనసున నిలుచుటకు నిద్రయే తోడ్పడును గనుక, పరీక్షకు ముందు జాగరణ చేయువాడు తాను కూర్చుకొన్నదానిని తానే జారవిడుచుకొనుచున్నాడు.

కావున కళాశాల కమిటీవారికి మా మనవి రెండు. పఠనమందిరమును సాయంకాలము 8 గంటల వరకు తెరచి ఉంచిన యెడల, అర్ధరాత్రి చదువు చాలవరకు తగ్గును. హాజరు తగ్గిన విద్యార్థిపై చర్య తీసికొనుటకు ముందు అతని రాత్రులు ఎట్లు గడచుచున్నవో ఒక్కమారు విచారింపవలెను.

విద్యార్థి మిత్రులకును ఒక మాట. శయనించు వేళ సెల్‌ఫోను తెరను ఆర్పుట, ఉదయమున కొంతసేపు ఎండలో నడచుట మన చేతిలోని పనులు. కమిటీవారిని అడుగు హక్కు మనకున్నది. మన వంతు మనము చేసిననాడు ఆ అడుగుటకు బలము చేకూరును.