ఎనిమిదో తరగతిలోనే తేల్చేయాలా?

పేరెంట్ మీటింగుల్లో ఎనిమిదో తరగతి పిల్లల అమ్మానాన్నలు మా టీచర్లను తప్పకుండా అడిగే ప్రశ్న: "మావాడికి ఎంపీసీయా, బైపీసీయా?" అది విన్నప్పుడల్లా నాకు జస్టిస్ లీలా సేథ్ గుర్తొస్తారు.

మన దేశంలో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన తొలి మహిళ ఆమె. 1991లో, హిమాచల్ ప్రదేశ్‌లో. 1978లో ఢిల్లీ హైకోర్టుకు తొలి మహిళా జడ్జి కూడా ఆమే. చిన్నప్పుడే నల్లకోటు కలగన్నారనుకుంటాం. కానీ ఆమె మొదట చేసింది స్టెనోగ్రాఫర్ ఉద్యోగం. పెళ్లయ్యాక, బాటాలో పనిచేసే భర్తతో లండన్ వెళ్లారు. అక్కడ లా ఎందుకు తీసుకున్నారో తెలుసా? హాజరు పట్టింపు తక్కువ, పిల్లాణ్ణి చూసుకుంటూ చదువుకోవచ్చని! 1958లో, ఒళ్లో రెండో బిడ్డ ఉండగా, లండన్ బార్ పరీక్షలో ఫస్టొచ్చారు. అంతకుముందు ఏ మహిళకూ ఆ స్థానం రాలేదు.

ఆమె పెద్దకొడుకు విక్రమ్ సేథ్ స్టాన్‌ఫర్డ్‌లో ఎకనామిక్స్ పీహెచ్‌డీ పూర్తి చేయలేదు. ఢిల్లీలో అమ్మానాన్నల దగ్గరే ఏళ్లతరబడి ఉండి 'ఎ సూటబుల్ బాయ్' నవల రాశారు. మనింట్లో అయితే వారానికే గొడవ!

భర్త జీతం అండగా ఉంది కాబట్టి ఆమెకు సాగింది, మాకెలా కుదురుతుందంటారా? నిజమే. కోచింగ్ మానమని నేననను. సోషల్, తెలుగు పీరియడ్లు తీసేసి ఫౌండేషన్ క్లాసు పెట్టమని మాత్రం అడగకండి. రాజ్యాంగ పీఠికను పిల్లలకు వివరిస్తూ లీలా సేథ్ 'వి, ద చిల్డ్రన్ ఆఫ్ ఇండియా' అనే పుస్తకం రాశారు. ఈ సెలవుల్లో మీవాడితో కలిసి చదవండి.