రిహార్సల్ లేని నాటకం... వ్యాపారానికో పాఠం!

అమ్మవారి సంబరాలు. బారువలోనో, ఉద్దానంలోని మరో ఊళ్లోనో ఆ రాత్రి పద్యనాటకం పెట్టారనుకోండి. కృష్ణుడు ఒక ఊరి నుంచి వస్తాడు. అర్జునుడు ఇంకో ఊరి నుంచి. హార్మోనిస్టు మరో చోటి నుంచి. చాలాసార్లు ముగ్గురూ కలుసుకునేది మేకప్ గదిలోనే. రిహార్సల్ ఉండదు. అయినా తెర లేచిందంటే నాటకం తెల్లవార్లూ నడిచిపోతుంది.

ఎలా సాధ్యం?

పద్యం, కథ, రాగం అందరికీ కంఠతా వచ్చు. అవి మారవు. పద్యం చివర రాగం ఎంతసేపు తీయాలన్నది మాత్రం నటుడి ఇష్టం. అతను పైకెళ్తే హార్మోనిస్టూ వెళ్లాలి, దిగితే దిగాలి. 'వన్స్‌మోర్' అని జనం కేకేస్తే మళ్లీ ఎత్తుకోవాలి. తోటినటుడు మాట మరిచిపోతే అందించి కథ నడిపించాలి. కర్ణాటక సంగీతంలో దీన్నే మనోధర్మం అంటారు. త్యాగరాజ కీర్తన అదే. ఆలాపన, నెరవల్, కల్పనస్వరాలు మాత్రం ఆ పూట పుట్టేవి.

ఈ విద్య మేనేజ్‌మెంట్ పండితులనూ ఆకర్షించింది. 1998లో 'ఆర్గనైజేషన్ సైన్స్' పత్రిక జాజ్ సంగీతం నుంచి సంస్థలు నేర్చుకోవాల్సిన వాటి మీద ప్రత్యేక సంచికే తెచ్చింది.

సరే, వాద్యమే బాగాలేకపోతే? 1975 జనవరి 24న జర్మనీలోని కొలోన్‌లో కీత్ జారెట్‌కు అదే జరిగింది. అడిగిన పియానో రాలేదు. వచ్చినదానికి పైస్వరాలు పలచన, పెడళ్లు సరిగా పనిచేయవు. ఆయన బాగా పలికే మధ్య స్వరాల చుట్టూనే అప్పటికప్పుడు సంగీతం అల్లాడు. సోలో పియానో ఆల్బమ్‌లలో అత్యధికంగా అమ్ముడైనవాటిలో ఆ కచేరీది ముందువరస.

ఉద్దానానికీ అలాంటి గడ్డురోజు వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. కొత్త మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ రాని కాయ కోసం ఎదురుచూస్తూ కూర్చోలేరు కదా! ఉన్నదేమిటి, దాంతో ఈ పూట ఏం చేయగలం... అక్కణ్నుంచే ఆలోచన మొదలవ్వాలి. లేత మొక్కల మధ్య ఖాళీలో అంతరపంట వేసుకోవడం మనోధర్మమే. సరుకు కోసం కొత్త ఊరు వెతుక్కోవడమూ అంతే.

అలాగని అన్నిచోట్లా ఇష్టారాజ్యం కుదరదు. జీడిపప్పు ఫ్యాక్టరీలో తూకం, నాణ్యత, పద్దులు, బాయిలరు జాగ్రత్తలు... ఇవి కీర్తనలాంటివి. వాటి మీద ప్రయోగాలు చేస్తే కొంప మునుగుతుంది. కానీ గుండు పప్పు అయిపోయినప్పుడు బేరం పోకుండా బద్ద పప్పు చూపించి, ధర ఎంతవరకు తగ్గించాలో కౌంటరులో కుర్రాడే తేల్చుకోగలగాలి. ప్రతిదానికీ 'ఓనరుగారిని అడిగి చెప్తా' అంటే కొనేవాడు పక్క కొట్టుకెళ్తాడు.

కాబట్టి యజమాని చేయాల్సినవి నాలుగు. మారనివేవో ముందే తేల్చి చెప్పడం. వాటిని బాగా నేర్పించడం. ఆ తర్వాత పనివాణ్ని నమ్మడం. పొరపాటు దొర్లితే నలుగురిలో కేకలేయకుండా, హార్మోనిస్టులా శ్రుతి అందించడం.

రాగం మధ్యలో ఆపి 'ఇలాగే పాడు' అనే హార్మోనిస్టును ఏ నటుడైనా రెండోసారి పిలుస్తాడా?