పొత్తికడుపులోని చీము శీలానికి సాక్ష్యం కాదు

అండాశయాన్నీ అండవాహికనూ కలుపుకొని పొత్తికడుపులో చీముగడ్డ ఏర్పడిందంటే అది సుఖవ్యాధి ముదిరిన ఫలితమే అయి ఉంటుందన్న అభిప్రాయం సామాన్యులలోనే కాక వైద్యులలో కొందరిలోనూ బలంగా నాటుకుపోయింది. గనేరియా, క్లమీడియా క్రిములు గర్భాశయ ముఖద్వారం నుంచి పైకి పాకి అండవాహికలను దెబ్బతీయడం, అక్కడ చీము పట్టడం నిజమే. అయితే తరచుగా కనిపించే ఆ ఒక్క మార్గాన్నే ఏకైక కారణంగా ఎంచి, రోగి శరీరాన్ని పరీక్షించకముందే ఆమె శీలాన్ని విచారించడానికి శాస్త్రంలో ఆధారం లేదు. ఎండోమెట్రియోసిస్ ఉన్న స్త్రీల విషయంలో అది ప్రాణాపాయం కూడా.

గర్భాశయపు లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల పెరగడమే ఎండోమెట్రియోసిస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో పునరుత్పత్తి వయసు స్త్రీలలో సుమారు 10 శాతం మందికి ఈ వ్యాధి ఉంది. ఆ కణజాలం అండాశయంలో చేరినప్పుడు, నెలనెలా స్రవించే రక్తం బయటికి పోయే దారిలేక చిక్కబడి, ముదురు గోధుమరంగు తిత్తిగా తయారవుతుంది. అమెరికాలోని ఆల్బనీకి చెందిన జాన్ శాంప్సన్ 1921లో సవివరంగా వర్ణించిన ఈ తిత్తినే చాక్లెట్ సిస్ట్ అంటారు. ప్రయోగశాలల్లో బాక్టీరియాను పెంచడానికి రక్తం కలిపిన పోషకాలను కూడా వాడతారన్న సంగతి తెలిసినవారికి, ఈ నిలవ రక్తం ఎంత ప్రమాదకరమో వేరే చెప్పనక్కరలేదు. పైగా వ్యాధి ముదిరిన చోట అండాశయం పేగులకు అతుక్కుపోతుంది, అక్కడి రోగనిరోధక స్పందన సహజస్థితి తప్పుతుంది. ఇలాంటి చోట ఏర్పడే గడ్డల చీమును పరీక్షిస్తే తరచుగా బయటపడేవి ఈ.కోలై, బాక్టీరాయిడ్స్ వంటి, పేగుల్లో మామూలుగానే నివసించే క్రిములు. లైంగిక సంపర్కమే ఎరుగని బాలికలలోనూ ఇటువంటి గడ్డలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి.

అయినా పెళ్లికాని పిల్లకు ఇలాంటివి రావన్న నమ్మకంతో, జ్వరాన్ని టైఫాయిడ్‌గానూ నొప్పిని నెలసరి బాధగానూ సరిపెట్టి, ఒక్క అల్ట్రాసౌండ్‌తో తేలిపోయే విషయాన్ని వారాలపాటు నానుస్తారు. పెళ్లయిన స్త్రీకైతే వైద్యం కన్నా ముందు ఇంట్లో అనుమానం మొదలవుతుంది. మరోవైపు, అండాశయ క్యాన్సర్‌ను అనుమానించేందుకు వాడే సి.ఏ.125 అనే రక్తపరీక్ష విలువ ఎండోమెట్రియోసిస్‌లోనూ, చీము పట్టినప్పుడూ, కటికుహరపు క్షయలోనూ పెరుగుతుంది కనుక, ఆ ఒక్క అంకెను చూసి క్యాన్సరేనన్న నిర్ణయానికి రావడమూ పొరపాటే.

కారణం ఏదైనా యాంటీబయాటిక్ ఒకటే కదా అన్న వాదన పైకి సబబుగా తోస్తుంది. సుఖవ్యాధుల పరీక్షలు అవసరమే, వాటిని ఎవరూ కాదనరు. కానీ ఎండోమెట్రియోసిస్ ఉన్నచోట మందులతోనే గడ్డ కరగకపోవడం ఎక్కువ, చీమును తీసివేయడమో శస్త్రచికిత్సో అవసరం కావచ్చు, ఆలస్యమై గడ్డ పగిలితే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకుతుంది. వ్యాధి పేరు తెలియకుండా ఈ నిర్ణయం సకాలంలో జరగదు.

అందువల్ల ఇటువంటి రోగిని మొదట అడగవలసినవి నెలసరి నొప్పి ఎన్నేళ్లుగా ఉంది, పిల్లలు కలగడంలో ఇబ్బంది ఉందా, ఇటీవల ఐవీఎఫ్ కోసం అండాలు తీశారా అన్న ప్రశ్నలు. అండాలు తీయడానికి యోని మార్గం గుండా పంపే సూది చాక్లెట్ సిస్ట్‌ను తాకితే క్రిములు నేరుగా లోపలికి చేరగలవు. ఆ ముప్పు తక్కువే అయినా, చాక్లెట్ సిస్ట్ ఉన్నవారికి అండాలు తీసేటప్పుడు ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇవ్వవచ్చని యూరప్ సంతాన వైద్య నిపుణుల సంఘం ఎష్రే 2022లో సూచించింది. గడ్డ వారాల తర్వాత కూడా బయటపడవచ్చు గనుక, జ్వరం వస్తే వెంటనే రావాలని, అండాలు తీయించుకున్న స్త్రీకి ఇంటికి పంపేముందే రాసి ఇవ్వడం సంతాన సాఫల్య కేంద్రాల బాధ్యత.