ఫిల్టరు సరే, పరీక్ష ఏదీ?

కొబ్బరి చిప్పలతో తయారైన యాక్టివేటెడ్ కార్బన్ నీటిలోని భారలోహాలను లాగేస్తుందన్న మాట పరిశోధన పత్రాల్లోంచి ఫిల్టర్ల ప్రకటనల్లోకి దిగింది. కొబ్బరి తోటలున్న అండమాన్‌లోని డిగ్లీపూర్‌లో అది చెవికి ఇంపుగా వినిపించే మాటే. చిప్ప బొగ్గుకు మేం వ్యతిరేకం కాదు. కానీ ఏ నీళ్లలో ఏ లోహం ఎంత ఉందో కొలవకుండా ప్రజాధనంతో ఒక్క ఫిల్టరు కూడా బిగించడానికి వీల్లేదు.

డిగ్లీపూర్ సంగతే ఎందుకంటే, ఆ ఊరున్న ఉత్తర అండమాన్‌లో ఒఫియోలైట్ శిలలున్నాయి. ఒకప్పుడు సముద్రం అడుగున ఉండి పైకి లేచిన రాళ్లివి. వీటిలో క్రోమియం, నికెల్ సహజంగానే ఎక్కువ. ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన ఈ నేల మీదుగానే వాగుల్లోకి, బావుల్లోకి దిగుతుంది. అంతమాత్రాన నీళ్లు చెడ్డవని అనలేం. చూడకుండా వదిలేయడానికి మాత్రం సాకు లేదు.

ఇనుము ఎక్కువైతే తెల్ల పంచె మీద మరకపడి తెలుస్తుంది. నికెల్, సీసం అలా బయటపడవు. ఊళ్లలో వాడే పరీక్ష కిట్లు ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము లాంటివి చూసి ఊరుకుంటాయి. మన ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో నికెల్ 0.02, సీసం 0.01 మిల్లీగ్రాములు మించకూడదు. అంత సన్నని లెక్క తేల్చడానికి ప్రయోగశాల కావాల్సిందే. 2021లోనే గ్రామాల్లో ఇంటింటికీ కొళాయి ఇచ్చామని చెప్పుకున్న దీవులకు ఈ ఖర్చు భారమంటే నమ్మలేం.

ఏలూరు గుర్తుంది కదా. 2020 డిసెంబరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలతో కూలబడ్డారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది. నీళ్లా, పాలా, కూరగాయలా, పురుగుమందులా అని తర్జనభర్జన నడిచింది. వార్డువారీగా నీటిలో లోహాల లెక్క ముందే చేతిలో ఉంటే కనీసం నీటి సంగతి మొదటి రోజే తేలిపోయేది.

ఇక బొగ్గు సంగతి. చిప్పను గాలి చొరకుండా కాల్చి, ఆ బొగ్గు మీదికి సుమారు 900 డిగ్రీల వేడి దగ్గర ఆవిరి పంపితే లోపల కంటికి కనపడని రంధ్రాలు తెరుచుకుంటాయి. గ్రాము బొగ్గులో దాదాపు వెయ్యి చదరపు మీటర్ల ఉపరితలం ఏర్పడుతుంది. క్లోరిన్ వాసనను, కర్బన రసాయనాలను అది భలే పీల్చుకుంటుంది. లోహాలు అంత తేలిగ్గా లొంగవు. సీసాన్ని, నికెల్‌ను బాగా పట్టాలంటే బొగ్గును నైట్రిక్ ఆమ్లం లాంటివాటితో మళ్లీ శుద్ధి చేసి, ఉపరితలం మీద ఆక్సిజన్ సమూహాలు పుట్టించాలి. ఆర్సెనిక్‌కైతే ఇనుము పట్టించిన బొగ్గు మేలు. నీటి పీహెచ్ తగ్గినా సీసం, నికెల్ మీద పట్టు సడలుతుంది. ఇవేవీ చూడకుండా అమ్మే ఫిల్టరు నీళ్ల రుచి మారుస్తుంది. ఇంట్లోవాళ్లు ఆ రుచి చూసి నిశ్చింతగా ఉంటారు. అసలు ప్రమాదం ఆ నిశ్చింతే.

అమ్మేవాళ్లు దాటేసే ప్రశ్న మరొకటుంది: లోహంతో నిండిపోయిన బొగ్గును ఏం చేయాలి? పెరట్లో పారబోస్తే వానకు ఆ లోహం కొంతైనా నేలలోకి దిగవచ్చు. దీవిలో చెత్త వేసే చోటుకూ నీళ్లు తోడే చోటుకూ ఎంత దూరముంటుంది?

కాబట్టి పాలనా యంత్రాంగం కల్పాంగ్ నదితో సహా డిగ్లీపూర్ తాగునీటి వనరులన్నిటికీ వానలకు ముందొకసారి, తర్వాతొకసారి లోహ పరీక్షలు చేయించాలి. ఫలితాలను హిందీ, బెంగాలీ, తెలుగు, తమిళాల్లో పంచాయతీ కార్యాలయం గోడకు అంటించాలి. లోహం పరిమితి దాటిందని తేలిన చోట, ఆ లోహానికి తగిన కార్బన్‌ను సరఫరా ట్యాంకు దగ్గరే పెట్టాలి. ఇంటింటి ఫిల్టరులో బొగ్గు లోహంతో ఎప్పుడు నిండిందో ఎవరు చూస్తారు? బొగ్గు స్థానికంగా తయారైతే ఇంకా మంచిది. అయితే కొబ్బరి ఎండబెట్టే బట్టీలకు చిప్పలే ఇంధనం కాబట్టి, రైతుకు ధర కట్టి కొనాలే తప్ప ఉచితంగా దొరుకుతాయని లెక్కలు వేయకూడదు. వాడిన బొగ్గును సరఫరాదారే వెనక్కి తీసుకెళ్లి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వదిలించుకోవాలి. ముందస్తు పరీక్ష, వాడిన బొగ్గు వాపసు అన్న ఈ రెండు షరతులూ లేని టెండరును రద్దు చేయాలి.