కొండదారిలో సైకిలు: ఎక్కడ, ఎలా?

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్లే దారిలో మీకు ఒక పక్క సముద్రం, మరొక పక్క తూర్పు కనుమల కొండలు కనిపిస్తాయి. ఇలాంటి చోట లావు టైర్ల సైకిళ్లపై మట్టిదారుల్లో తిరగడం ఒక క్రీడ. ఇందులో పొగ లేదు, రొద లేదు, వ్యాయామం ఉంది. కాబట్టి ఈ క్రీడకు దారులు ఏర్పరచడం మంచిదే. అయితే ఎక్కడపడితే అక్కడ ఏర్పరచకూడదు.

ఈ తీరంలోనే ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. ఇవి వేల సంవత్సరాలపాటు ఇసుక పేరుకొని ఏర్పడ్డాయి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరాయి. ఈ ఇసుక రాయిలా గట్టిది కాదు. టైరు గీసిన గాడిలోకి వాననీరు చేరుతుంది. గాడి కాలువ అవుతుంది; కాలువ దిబ్బను కోస్తుంది. కోసుకుపోయిన దిబ్బను మనం తిరిగి పేర్చలేము.

"నడిచేవారి వల్ల నష్టం లేదా?" అని మీరు అడగవచ్చు. ఉంది. అందుకే వారికి కూడా గుర్తులు పెట్టిన బాట ఒక్కటే ఉండాలి. సైకిళ్లకు మాత్రం దిబ్బలను పూర్తిగా విడిచిపెట్టి, గట్టినేల ఉన్న కొండవాలును ఎంచుకోవాలి. దారి నిటారుగా దిగకుండా వాలుకు అడ్డంగా సాగితే, నీరు దాని వెంట పరుగెత్తదు. నేల నానిన రోజుల్లో దారిని మూసివేయాలి.

ఆటకు మరొక కొండ దొరుకుతుంది. ఇలాంటి దిబ్బలు చాలా అరుదు. మీ ప్రాంతంలో ఇలా కాపాడుకోవలసిన చోటు ఏది? ఆలోచించండి.