బోర్డు కాదు... గిన్నె చూడండి!

మాదాపూర్‌లో ఇంటర్వ్యూ అయింది. 'మళ్లీ కబురు చేస్తాం' అన్నారు. అమీర్‌పేట హాస్టల్‌కి మెట్రో ఎక్కేలోపు ఫ్రెండ్ చెయ్యి పట్టుకుని లాగాడు: 'పద, బబుల్ టీ తాగుదాం'. రంగురంగుల బోర్డు, గోడ మీద నియాన్ లైట్లు, మూతకు సీలు వేసిన గ్లాసు. బిల్లు 200 పైమాటే. లావుపాటి స్ట్రాతో ఒక గుక్క లాగితే తియ్యటి చల్లటి పాలు వచ్చాయి. పంటికింద రబ్బరు గోళీలు. టీ వాసన మాత్రం లేదు. అయినా 'సూపర్‌గా ఉంది' అని ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టేశారు.

ఇది మీ అనుభవం కూడా అయితే ఈ నాలుగు మాటలు మీకోసమే. హైదరాబాద్‌లో మంచి బబుల్ టీ దొరకదని నేననను. దొరుకుతుంది. కాకపోతే బోర్డు చూసి పట్టుకోలేం. అడిగి పట్టుకోవాలి. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. అలాంటిది 200 తీసుకునే షాపువాడు తనంతట తాను చెబుతాడా?

ఇది సగ్గుబియ్యానికి చుట్టమే

బబుల్ టీ 1980ల్లో తైవాన్‌లో పుట్టింది. అడుగున ఉండే నల్లటి ముత్యాలను చూసి ఇదేదో వింత పదార్థం అనుకోవద్దు. అది కర్రపెండలం పిండే. మన సామర్లకోట, పెద్దాపురం మిల్లుల్లో సగ్గుబియ్యం తయారయ్యేది కూడా ఆ దుంపతోనే. ఇంట్లో సగ్గుబియ్యం పాయసం చేసిన రోజు గుర్తుచేసుకోండి. పొయ్యి మీంచి దించగానే తింటే మెత్తగా జారిపోతుంది. మర్నాడు ఫ్రిజ్‌లోంచి తీస్తే ముద్దకట్టి గట్టిపడుతుంది. బబుల్ టీ ముత్యాలదీ ఇదే గుణం. ఉడికించి, బెల్లం రంగు పాకంలో నానబెట్టిన కొద్ది గంటలే వాటి రుచి. ఆ తర్వాత ఎంత పాకం పోసినా లాభం లేదు.

అందుకే కౌంటర్ దగ్గర మొదట అడగాల్సిన ప్రశ్న: 'ముత్యాలు ఎప్పుడు ఉడికించారు?' మంచి షాపులో కుర్రాడు తడుముకోకుండా చెబుతాడు, గిన్నె కూడా చూపిస్తాడు. మొహం చిట్లించాడంటే మీకు జవాబు దొరికినట్టే.

రెండో ప్రశ్న: 'టీ ఆకుతో కాచిందా, పొడి కలిపిందా?' పొడి కలపడం నేరమేం కాదు. కానీ ఆకు కాచిన టీ రేటు తీసుకుని పొడి పోస్తే ఒప్పుకోవాల్సిన పని లేదు.

మూడోది: 'తీపి తగ్గిస్తారా?' తైవాన్ పద్ధతిలో నడిచే షాపుల్లో తీపి, ఐసు ఎంత కావాలో మనమే చెప్పొచ్చు. సగం తీపి అడగండి. 'కుదరదండీ, అన్నీ కలిపే వస్తాయి' అన్నారంటే అది ముందే కలిపి పెట్టిన సరుకని అర్థం.

నాలుగోది: 'వేసేది కర్రపెండలం ముత్యాలా, పాపింగ్ బోబానా?' నోట్లో చిట్లి జ్యూస్ కారే గోళీలు వేరే రకం. వాటిలో నమలడానికి ఏమీ ఉండదు. ఇష్టమైతే తాగండి, కానీ తేడా తెలిసి తాగండి.

మరి ఎక్కడికెళ్లాలి?

జూబ్లీహిల్స్, మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఈ షాపులు ఎక్కువ. పేర్లు కావాలంటారేమో. చెప్పను. వంటచేసే మనిషి మారితే ఇవాళ్టి మంచి షాపు రేపటికి మామూలు షాపయిపోతుంది. గుర్తులు చెబుతాను. సాయంత్రం రద్దీగా ఉండే షాపుకి వెళ్లండి. గిరాకీ ఉన్నచోట గిన్నె త్వరగా ఖాళీ అవుతుంది, కొత్త ముత్యాలు ఉడుకుతాయి. మెనూలో అరవై రకాలున్న షాపుకంటే పది రకాలున్న షాపు నయం. మొదటిసారి మామిడి, స్ట్రాబెర్రీ జోలికి పోకుండా సాదా మిల్క్ టీ, ముత్యాలు చెప్పండి. సిరప్ ఎన్ని లోపాలనైనా కప్పేస్తుంది. సాదా టీ దగ్గర దాచడం కష్టం. జేబు తేలిగ్గా ఉంటే ఇద్దరూ కలిసి ఒకటే తీసుకుని రెండు స్ట్రాలు అడగండి. అందులో నామోషీ ఏం లేదు.

'ఇరానీ చాయ్ ఉండగా ఇదెందుకురా?' అని ఇంట్లో అంటారు. నెలకోసారి సరదాగా తాగితే తప్పులేదు. ఏం తాగుతున్నామో తెలియకుండా, అడగడానికి మొహమాటపడి డబ్బులు కట్టడమే తప్పు. ఆ మొహమాటం 200 దగ్గర ఆగదు. 'జాబ్ గ్యారంటీ' అన్న కన్సల్టెన్సీలో నాన్న అప్పు తెచ్చిన 2 లక్షలు కట్టేటప్పుడూ అదే అడ్డం పడుతుంది. ఏ కంపెనీ, ఆఫర్ లెటర్ ఎవరిస్తారు, రసీదు ఏది అని అడగలేక సంతకం పెట్టేస్తాం. 'ఉద్యోగమెందుకు, బబుల్ టీ ఫ్రాంచైజీ తీసుకో' అనే ప్రకటనలూ చూస్తుంటారు. అద్దె ఎంత, రోజుకి ఎన్ని గ్లాసులు పోతే ఖర్చులు పోను మిగులుతుంది, సరుకు వాళ్ల దగ్గరే కొనాలా అన్నది కాగితం మీద రాసి చూపించమనండి.

తైవాన్‌లో ఈ పానీయం మాదంటే మాదని తైచుంగ్, తైనాన్ నగరాల్లోని రెండు టీ షాపులు ఏళ్ల తరబడి కోర్టులో కొట్లాడుకున్నాయి. ఎవరైనా చేసుకోగలిగే పానీయానికి కర్త ఎవరో తేల్చాల్సిన అవసరం లేదని 2019లో కోర్టు చెప్పింది. వాటిలో చున్ షుయ్ టాంగ్ అనే షాపు చెప్పే కథ ప్రకారం, మీటింగ్‌లో కూర్చుని తన చల్లటి టీలో ముత్యాలు వేసుకుని చూసింది యజమాని కాదు, అక్కడ పనిచేసే ఒక ఉద్యోగిని. 'ఇలా చేస్తే ఏమవుతుంది?' అనే ప్రశ్నకు ఆ షాపు కథలో ఉన్న విలువ అది.

ఈసారి కౌంటర్ ముందు ఫోన్ తీసి క్యూఆర్ కోడ్ మీద పెట్టేముందు ఒక్క క్షణం ఆగండి. 'అన్నా, ముత్యాలు ఎప్పుడు ఉడికించారు?' అని అడగండి. గొంతు కాస్త వణికినా పర్లేదు. రేపు ఇంటర్వ్యూ చివర్లో 'మీరేమైనా అడగాలా?' అన్నప్పుడు అంత వణకదు.