బ్రిటన్ వద్దనుకుంది.. భారత్ 30 ఏళ్లు నడిపింది

2025 అక్టోబర్‌లో జరిగిన ‘కొంకణ్’ విన్యాసాల్లో బ్రిటన్ విమానవాహక నౌక ప్రిన్స్ ఆఫ్ వేల్స్, మన విక్రాంత్ కలిసి పాల్గొన్నాయి. ఈ విక్రాంత్ కొచ్చిలో తయారైంది. అదే పేరుతో 1961లో మన నౌకాదళంలో చేరిన మొదటి విక్రాంత్ మాత్రం బ్రిటన్‌లో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం కోసం మొదలుపెట్టి, యుద్ధం అయిపోగానే సగంలో ఆపేసిన నౌక అది. దాన్ని భారత్ కొని పూర్తి చేయించుకుంది.

ముందు నుంచి వెనక వరకు చదునైన డెక్‌తో తొలి విమానవాహక నౌక ‘ఆర్గస్‌’ను 1918లో నౌకాదళంలో చేర్చింది బ్రిటనే. అలాంటి దేశం తన నౌకలను ఒక్కొక్కటిగా ఎందుకు వదులుకుంది? అవి పాతబడ్డాయన్నది సగం జవాబే. మిగతా సగం ఖజానాలో ఉంది.

1956లో నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాక ఈగిల్, అల్బియాన్, బుల్‌వర్క్ నౌకల నుంచి లేచిన విమానాలు ఈజిప్టుపై దాడి చేశాయి. యుద్ధంలో బ్రిటన్‌దే పైచేయి. కానీ అమెరికా కన్నెర్ర చేసింది, పౌండ్‌పై ఒత్తిడి పెరిగింది. దాంతో సేనలు వెనక్కి వచ్చేశాయి. నౌకలుంటే చాలదని, వాటి వెనక డబ్బు నిలబడాలని లండన్‌కు అప్పుడే తెలిసొచ్చింది.

విమానవాహక నౌకను కొనడం ఒక ఎత్తు, పోషించడం ఇంకో ఎత్తు. రెండు వేల మందికి పైగా సిబ్బంది, విమానాలు, కాపలాకు యుద్ధనౌకలు, ఇంధనం మోసే ఓడ.. ఒక్కదాని వెనక ఓ ఊరంత ఖర్చు. 1966లో విల్సన్ ప్రభుత్వం కొత్త నౌక ప్రాజెక్టును రద్దు చేసింది. నౌకాదళ మంత్రి మేహ్యూ, దళాధిపతి అడ్మిరల్ లూస్ ఇద్దరూ రాజీనామా చేశారు. అయినా నిర్ణయం మారలేదు. రెండేళ్లకు సూయజ్‌కు తూర్పున ఉన్న స్థావరాలు ఖాళీ చేస్తామన్న ప్రకటన వచ్చింది. ఈగిల్ 1972లో, ఆర్క్ రాయల్ 1979లో సర్వీసు నుంచి తప్పుకున్నాయి.

మిగిలిన హెర్మీస్ కథ మనకు దగ్గరిది. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో దాడికి నాయకత్వం వహించిన నౌక ఇదే. విచిత్రమేమిటంటే, యుద్ధానికి కొన్ని నెలల ముందే దాని తోడు నౌక ఇన్విన్సిబుల్‌ను ఆస్ట్రేలియాకు అమ్మేయాలని లండన్ నిర్ణయించింది. యుద్ధం రావడంతో ఆ బేరం ఆగింది. హెర్మీస్‌ను మాత్రం 1984లో పక్కన పెట్టేసింది. భారత్ దాన్ని కొని, మరమ్మతులు చేయించి, 1987లో ‘విరాట్’గా తెచ్చుకుంది. బ్రిటన్ దాన్ని నడిపింది పాతికేళ్లు, మనం నడిపింది 30 ఏళ్లు. 2017 మార్చిలో విరాట్ విశ్రాంతి తీసుకుంది.

ఆ తర్వాత మనమూ అదే లెక్క వేశాం. విశాఖకు తెచ్చి పర్యాటక కేంద్రంగా మారుస్తామని ఆంధ్రప్రదేశ్ ముందుకొచ్చింది, పని సాగలేదు. మహారాష్ట్ర మంత్రివర్గం 2018లో రూ.852 కోట్ల ప్రాజెక్టుకు సరే అంది, అదీ కాగితం దాటలేదు. చివరకు రూ.38.54 కోట్లకు తుక్కు కింద అమ్ముడై, 2020లో గుజరాత్‌లోని అలంగ్ తీరం చేరింది.

ఇక బ్రిటన్ పొదుపు ఇంకోసారి ఎదురు తన్నింది. కొత్త ఆర్క్ రాయల్‌ను 2011 మార్చి 11న తప్పించారు. దాని హారియర్ విమానాలు అప్పటికే ఆగిపోయాయి. సరిగ్గా ఎనిమిది రోజులకు లిబియాపై దాడులు మొదలయ్యాయి. బ్రిటిష్ విమానాలు ఇటలీలోని స్థావరం నుంచి ఎగరాల్సి వచ్చింది. బాంబులు పడిన ఊళ్లకు అవి ఎక్కడి నుంచి వచ్చినా ఒకటేననుకోండి.

తర్వాత 600 కోట్ల పౌండ్లకు పైగా పోసి క్వీన్ ఎలిజబెత్, ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కట్టారు. రెండోది 2022లో అమెరికాకు బయల్దేరిన మర్నాడే ప్రొపెల్లర్ షాఫ్ట్ దెబ్బతిని ఆగిపోయింది. పాతవాటిలో ఒక్కదాన్నీ బ్రిటన్ మ్యూజియంగా మిగుల్చుకోలేదు. ఇన్విన్సిబుల్, ఇలస్ట్రియస్, ఆర్క్ రాయల్ మూడూ టర్కీలో తుక్కయ్యాయి.